మూడు రాళ్లు, రెండు దారాలు

తోటమాలి తల ఎత్తలేదు.

లాకప్పు ఎదురుగా గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. పదిన్నరకి కోర్టుకి వ్యాను బయలుదేరుతుంది. ఈలోపు ఏదో ఒకటి తేలాలి. తేలకపోతే ఈ మనిషి జైలుకి పోతాడు. ఆసుపత్రిలో ఉన్న మనిషి చచ్చిపోతే ఇక బయటికి రాడు.

మాస్టారు ఊచల అవతల స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మాస్టారంటే బడి మాస్టారు కాదు. ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన టైలరు మాస్టారు. ఒకసారి ఒక శవం చొక్కాకి గుండీ ఎవరు కుట్టారో చెప్పి హంతకుణ్ణి పట్టించాడు. అప్పటినుంచి మిషను మూలపడింది, ఈ పని మీదపడింది. మెడలో టేపు మాత్రం అలాగే ఉండిపోయింది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు. నిన్న ఆదివారం. చెట్టు దగ్గరికి ఎన్నింటికి వెళ్లావు?"

"ఆరున్నర దాటాక."

"ఎందుకు?"

తోటమాలి గోళ్లలో మట్టి గీక్కుంటున్నాడు.

"ఫోటోగ్రాఫరుతో నీకు గొడవైందా?"

"అయింది. పోయిన నెల."

"ఏమన్నావు?"

"కాళ్లు విరగ్గొడతానన్నాను."

"పగిలింది తల."

"నేనన్నది కాళ్లేనయ్యా," అన్నాడు తోటమాలి అమాయకంగా.

మాస్టారు నవ్వలేదు. అతని చొక్కా వైపే చూస్తున్నాడు. మడిచిన చేతి మడతల్లో ఎండాకు పొడి ఉంది. కుడి భుజం మీద గోనె పీచు అంటుకుని ఉంది.

"నిన్న వేసుకున్న చొక్కాయేనా ఇది?"

"మార్చుకోనిస్తే కదా."

"నువ్వు ఊడ్చేది ఎప్పుడు?"

"సాయంత్రం. అయిదింటికి."

"మరి పొద్దున్నే ఆకుల గోనె భుజానికెందుకు ఎక్కింది?"

తోటమాలి మొహం ఎర్రబడింది. కన్నం వేస్తూ దొరికినవాడికి కూడా అంత సిగ్గు వేయదు.

"అయ్యా, ఎవరికీ చెప్పకండి."

"చెబితేనే బయటికొస్తావు."

"ఆయన నెలకోసారి ఆ చెట్టుని ఫోటో తీస్తాడు. మొదటి ఆదివారం, ఏడింటికి. తొమ్మిదేళ్ల నుంచీ. ఆయన స్టాండు మూడు కాళ్లకీ మూడు రాళ్లు నేనే పాతిపెట్టాను, ప్రతిసారీ ఒక్కచోటే నిలబడాలని. పోయిన నెల ముందురోజు సాయంత్రం చెట్టు కింద శుభ్రంగా ఊడ్చేశాను. ఇక చూడండి! నువ్వు ఊడ్చింది చెత్త కాదయ్యా, నా నెల ఊడ్చేశావు అని ఎగిరాడు. నాకూ నోరు జారింది. ఈ నెల ఊడవకూడదనుకున్నాను. చేతికి అలవాటు కదా, శనివారం మళ్లీ ఊడ్చేశాను."

"అయితే?"

"అయితే ఏముంది, ఆదివారం పొద్దున్నే గోనె మోసుకొచ్చి ఆకులన్నీ మళ్లీ చల్లాను."

మాస్టారు అతని భుజం మీది గోనె పీచు వైపు మళ్లీ చూశాడు.

"ఫోటోలో ఆకులు లాగే పళ్ల కర్ర పైకెత్తి ఉన్నావు, ఎందుకు?"

"ఉత్తినే చల్లితే కుప్పల్లా పడ్డాయి. పైనుంచి నాలుగు రాలితే సహజంగా ఉంటుందని కొమ్మ కదిపాను." గొంతు తగ్గించాడు. "ఇరవై రెండేళ్లు ఊడ్చినవాణ్ణి. ఆకులు చల్లుతుంటే ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందంటారు. పార్కంతా నవ్వుతుంది."

"జైలుకి పోతే నవ్వరా?"

"అది వేరు కదండీ."

"ఇప్పుడు ఒక్కటి చెప్పు. ఆ సమయంలో రాళ్ల దగ్గర ఫోటోగ్రాఫరు ఉన్నాడా?"

"లేడు. ఒట్టు. ఆయన వచ్చేలోపు ముగించి జారుకోవాలనే కదా నా ఏడుపంతా. పదిసార్లు చూశాను. రాళ్ల దగ్గర పురుగు లేదు."

మాస్టారు స్టూలు మీంచి లేచాడు. కేసంతా ఆ ఒక్క మాట మీద ఆగింది. ఎందుకంటే ఫోటోగ్రాఫరు కెమెరాలో ఉన్న ఆఖరి ఫోటోలో తోటమాలి ఉన్నాడు. సమయం ఆరు యాభై రెండు. చెట్టు ముందు, పళ్ల కర్ర ఎత్తి. చెట్టుని ఫోటో తీసే మనిషి రాళ్ల దగ్గర లేకపోతే మరి ఎక్కడున్నాడు?

*

ఇన్‌స్పెక్టరు గదిలో ముగ్గురున్నారు. బల్ల వెనక ఇన్‌స్పెక్టరు. ఎదుట ఫోటోగ్రాఫరు భార్య, ఒళ్లో రెండు ఆల్బములు. మాస్టారిని పిలిపించింది ఆమే. గోడవారన కుర్చీలో ఒక పెద్దమనిషి. బంగారు ఫ్రేము కళ్లజోడు, మెత్తని గొంతు. పార్కు చెట్లకి జబ్బు చేస్తే చూసేది ఆయనే. అందరూ చెట్ల డాక్టరంటారు. నిన్న ఏడూ ఇరవై అయిదుకి ఫోటోగ్రాఫరు రక్తంలో పడి ఉండగా చూసి పోలీసులకి ఫోను చేసింది ఆయనే. పోయిన నెల గొడవ సంగతి చెప్పిందీ ఆయనే.

"రండి టైలరు మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కొలతలు తీసుకున్నారా? జైలు బట్టలు వాళ్లే ఇస్తారు, మీకు శ్రమక్కర్లేదు."

"అతను కొట్టలేదు."

"కుట్టలేదంటే నమ్ముతాను, అది మీ పని. కొట్టాడా లేదా అన్నది నా పని." ఇన్‌స్పెక్టరు అచ్చు వేసిన ఫోటో బల్ల మీదికి విసిరాడు. "చూడండి. కర్ర ఎత్తి మీదికొస్తున్నాడు. ఆ తర్వాత ఫోటో లేదు. ఎందుకు లేదు? తీసేవాడి తల పగిలింది కాబట్టి."

"మీదికి రావడం లేదు. పక్కకి తిరిగి ఉన్నాడు. కొమ్మ వైపు చూస్తున్నాడు."

"మీ కళ్లకి అద్దాలు మార్చండి."

ఫోటోగ్రాఫరు భార్య మధ్యలో అందుకుంది. "ఇన్‌స్పెక్టరుగారూ, ఆ అన్నయ్య అలాంటివాడు కాదండీ. మా ఆయనా ఆయనా నెలకోసారి తిట్టుకుంటారు. తిట్టుకోకపోతే ఇద్దరికీ ముద్ద దిగదు."

"భర్త అక్కడ ఆసుపత్రిలో పడుంటే మీరు కొట్టినవాడి తరఫున మాట్లాడుతున్నారమ్మా!"

"కొట్టినవాడు దొరకాలనే మాట్లాడుతున్నాను."

మాస్టారు ఆల్బము తెరిచాడు. నూట ఎనిమిది ఫోటోలు. నెలకొకటి, ప్రతిదాని వెనకా ఆమె చేతిరాతతో తారీఖు. ఒకే చెట్టు. ఏటా ఒక్కసారి ఆకంతా దులుపుకుని ఎముకల్లా నిలబడుతుంది. మరుసటి నెలకి రాగి రంగు చిగురు. తర్వాత పచ్చదనం ముదురుతుంది. వానలకి మాను నల్లబడుతుంది. మళ్లీ పసుపు. తొమ్మిది సార్లు ముసలిదై తొమ్మిది సార్లు పసిదైంది ఆ చెట్టు. మాస్టారికి పేజీ తిప్పకుండా ఉండడం కష్టమైంది. ఇలా ఒక మనిషిని నెలనెలా కొలిస్తే ఎలా ఉంటుందో అనిపించింది.

తర్వాత టేపు తీశాడు. చెట్టు మొదట్లో ఒక బుడిపె ఉంది. చెట్టుకి ముందు ఒక సిమెంటు బెంచీ. నూట ఎనిమిది ఫోటోల్లోనూ బుడిపె బెంచీకి ఎడంగా, పూర్తిగా కనిపిస్తోంది. ఆఖరి ఫోటోలో బెంచీ వీపు మూల ఆ బుడిపెని సగానికి కోసేసింది.

"అమ్మా, ఈ ఫోటో రాళ్ల దగ్గర్నుంచి తీసింది కాదు."

ఆమె వంగి చూసింది. "అవును. ఆయన అరంగుళం కూడా జరగడు. జరిగితే ఆ నెల పోయినట్టే అంటాడు."

"మీ స్కెచ్చి చూపించండి," అన్నాడు మాస్టారు ఇన్‌స్పెక్టరుతో.

"ఎందుకు?"

"స్టాండు ఎక్కడ ఉందో చూడాలి."

ఇన్‌స్పెక్టరు విసుగ్గా కాగితం తోశాడు. స్టాండు కాళ్ల గుర్తులు వేశారు. రాళ్ల ఊసే లేదు.

"రాళ్లు ఏవి?"

"ఏ రాళ్లు?"

"ఆకుల కింద ఉన్నాయి. తెలిసినవాళ్లు ఇద్దరే. తీసేవాడూ పాతినవాడూ. ఈ స్టాండు పెట్టినవాడికి రాళ్లున్నట్టే తెలియదు."

ఇన్‌స్పెక్టరు కాగితం వెనక్కి లాక్కున్నాడు. "తొమ్మిదేళ్లలో ఒక్కరోజు మనిషి మారకూడదా?"

మాస్టారు బల్ల మీద ప్లాస్టిక్కు సంచిలో ఉన్న కెమెరా వైపు చూపించాడు. ఆమె దాన్ని చూసి ఉలిక్కిపడింది.

"ఈ పొడుగు లెన్సు ఎందుకు పెట్టాడు? ఇది పిట్టల కోసం కొన్నది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగుతుంది. చెట్టుకి ఎప్పుడూ వాడడు."

అప్పుడే ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు విని, పెట్టేశాడు.

"ఆసుపత్రి నుంచి. ఆయన కళ్లు తెరిచాడు."

ఆమె ఒక్కసారిగా లేచింది. ఆల్బములు కిందపడ్డాయి.

"మాట్లాడుతున్నాడా?" అడిగాడు చెట్ల డాక్టరు.

"ఇంకా లేదు. నోరు ఎప్పుడైనా విప్పొచ్చంటున్నారు."

"పాపం. అమ్మా, నా కారుంది, రండి దింపుతాను. కంగారులో ఆటోల కోసం వెతుకుతారా?"

"వెళ్తున్నారు కాబట్టి ఒక సాయం చేయండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మా రైటరు సెలవులో ఉన్నాడు. ఆయన ఏమైనా చెబితే రాసుకుని సంతకం పెట్టించి తెండి. చదువుకున్నవారు." మాస్టారి వైపు ఓరగా చూశాడు. "తోటమాలి పేరు ఆయన నోటినుంచే వస్తే కొందరికి టేపు చుట్టుకునే పనుంటుంది."

"పార్కుకి రండి," అన్నాడు మాస్టారు. "ఆ ఫోటో ఎక్కడినుంచి తీశారో చూపిస్తాను. తప్పైతే టేపు మీ బల్ల మీద పెట్టి పోతాను."

ఇన్‌స్పెక్టరుకి ఆ పందెం నచ్చింది.

*

తొమ్మిదీ పదిహేనుకి చెట్టు దగ్గరున్నారు. వరసలో ఒకప్పుడు ఏడు చెట్లు ఉండేవి. మూడు ఎండిపోతే కొట్టేశారు. మిగిలిన నాలుగింటిలో మొదటిది ఇదే.

మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని ఆకులు తీశాడు. మూడు రాళ్లూ బయటపడ్డాయి, అరచేయంత చదునైనవి. స్టాండు నిలబెట్టి ఉన్న గుంటలు వాటికి రెండు జానల అవతల ఉన్నాయి. రక్తం మరకా అక్కడే ఉంది. చిన్న మరక. తల పగిలిన మనిషి అరగంట పడి ఉన్నచోట ఉండాల్సినంత లేదు. ఆ మాట పైకి అనలేదు. జేబులోంచి రెండు దారపు ఉండలు తీశాడు, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు.

"చెట్టుకి చొక్కా కుడతారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెంట వచ్చిన కానిస్టేబులు నవ్వాపుకున్నాడు.

"సూదిలో దారం ఎక్కించావా ఎప్పుడైనా?" మాస్టారు కానిస్టేబుల్ని అడిగాడు.

"మా ఆవిడ ఎక్కిస్తుందండి."

"నీ కన్నూ, సూది బెజ్జమూ, దారం కొసా ఒకే గీతలో ఉంటేనే దూరుతుంది. ఫోటోలో బెంచీ మూల బుడిపె మీద పడింది. అంటే బుడిపె, బెంచీ మూల, కెమెరా ఒకే గీతలో ఉన్నాయి. ఆ గీత గీస్తే కెమెరా ఉన్నచోటికి పోతుంది. పట్టుకో."

కానిస్టేబులు మాస్టారు ఇచ్చిన గుండుసూదితో ఎర్ర దారం కొస బుడిపె మీద గుచ్చాడు. మాస్టారు దారం వదులుతూ, బెంచీ మూలకి ఆనించి, వెనక్కి నడిచాడు. బుడిపె నేలకి దగ్గర. బెంచీ వీపు దానికంటే ఎత్తు. కాబట్టి వెనక్కి పోయేకొద్దీ దారం పైకి లేస్తూ పోయింది. రాళ్ల దగ్గరికి వచ్చేసరికి మనిషి గుండెలెత్తుకి వచ్చింది, అదీ రాళ్లకి ఒక గజం పక్కనుంచి.

"గీత ఎంత దూరమైనా పోతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు?"

అతని గొంతులో వెటకారం కొంచెం తగ్గింది. మాస్టారు గమనించాడు.

"రెండో దారం చెబుతుంది."

ఫోటోలో ఇంకొకటి ఉంది. దీపస్తంభం టోపీ కొస సరిగ్గా కొమ్మల చీలికలో కూర్చుంది. నిచ్చెన తెప్పించారు. కానిస్టేబులు ఎక్కి తెల్ల దారం చీలికలో పెట్టాడు. స్తంభానికి ఇంకో నిచ్చెన కావాలి. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూశాడు. తర్వాత తన టోపీ తీసి బెంచీ మీద పెట్టి, తనే స్తంభం దిమ్మె ఎక్కి చెయ్యి చాచి దారాన్ని దీపం టోపీ కొసకి ఒక చుట్టు చుట్టాడు.

తెల్ల దారం పైనుంచి దిగుతూ వచ్చింది. ఎర్ర దారం కిందనుంచి లేస్తూ వచ్చింది. మాస్టారు రెండు ఉండలూ రెండు చేతుల్లో పట్టుకుని అడుగు అడుగూ వెనక్కి వేశాడు. ముప్పై అడుగులకి వాటి మధ్య ఎడం మూరకి పైగా ఉంది. నలభై అయిదుకి జానెడు. యాభై అయిదుకి నాలుగు వేళ్లు. చేతులు తలపైకి ఎత్తాల్సి వచ్చింది. వీపుకి గోడ తగిలింది.

తల తిప్పి చూశాడు. పార్కు ఆఫీసు. మూడడుగుల అరుగు మీద కట్టిన గదులు. దారాలు రెండూ ఒక కిటికీ ఊచల మధ్య కలిశాయి. అక్కడే ఊచకి ముడేశాడు.

ఇన్‌స్పెక్టరు దిమ్మె దిగి వచ్చాడు. దారాల వెంబడే, వాటికి తగలకుండా వచ్చాడు. కిటికీ కింద ఆగాడు.

"ఇది ఎవరి గది?" అన్నాడు మాస్టారు.

ఇన్‌స్పెక్టరు తలెత్తి ఊచల వైపు చూశాడు. "చెట్ల డాక్టరుది."

"తాళం చెవి?"

"ఆయన దగ్గరే ఉంటుంది. ఇంకొకటి లేదు. నిన్న నేనే అడిగాను, లోపల మందులుంటాయన్నాడు." కానిస్టేబుల్ని కేకేశాడు. "రాయి తీసుకుని రా. పగలగొట్టు."

మాస్టారు అతని వైపు చూశాడు. ఈ మనిషిని అయిదేళ్లుగా ఎరుగును. ఒక్కసారి కూడా తప్పు ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోలేదు, తాళం మాత్రం పగలగొట్టించాడు.

గదిలో దుమ్ము వాసన, ఏదో మందు వాసన. నేలంతా పలచగా దుమ్ము ఉంది, కిటికీ దగ్గర తప్ప. అక్కడ ఒక చాప మేర నేలని ఎవరో తుడిచారు. తడిగుడ్డతో, గట్టిగా. మాస్టారు దారాలు కలిసిన చోటినుంచి నేల వరకూ టేపు వదిలాడు.

"యాభై నాలుగు అంగుళాలు. మీ స్కెచ్చిలో స్టాండు ఎత్తు ఎంత?"

ఇన్‌స్పెక్టరు కాగితం తీయలేదు. గుర్తుంది. "యాభై నాలుగు."

"స్టాండు ఇక్కడ నిలబెట్టి తీశాడు ఫోటో. యాభై ఎనిమిది అడుగుల అవతల చెట్టు దగ్గర పళ్ల కర్ర పట్టుకున్నవాడు, ఇక్కడున్నవాడి తల వెనకనుంచి ఎలా పగలగొడతాడు?"

ఇన్‌స్పెక్టరు ఫోను తీశాడు. "వ్యాను బయలుదేరిందా? లేదా? ఆపెయ్. తోటమాలిని బయట బెంచీ మీద కూర్చోబెట్టు. కూర్చోబెట్టమన్నాను, లాకప్పులో కాదు. టీ ఇప్పించు." పెట్టేసి, మాస్టారి మొహం చూడకుండా అడిగాడు. "చెట్టుని తీసేవాడికి ఈ గదిలో ఏం పని?"

మాస్టారు అప్పటికే బల్ల సొరుగు లాగాడు. రసీదు పుస్తకాల కింద మూడు ఫోటోలు దొరికాయి. కొట్టేసిన ఆ మూడు చెట్లూ, నెలనెలా తీసిన ఫోటోల్లో వెనకాల వరసలోంచి పెద్దవి చేసినవి. వెనకాల తారీఖులు, ఆడవాళ్ల చేతిరాత. ఫోటోగ్రాఫరు భార్య ఆల్బములో ప్రతి ఫోటో వెనకా ఉన్నది ఆ రాతే. మూడు చెట్లూ పక్కవి పచ్చగా ఉండగా ఆకు రాల్చి నిలబడ్డాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఏడాదికొకటి, రాల్చకూడని కాలంలో.

సొరుగు అడుగున సన్నని బర్మా ఉంది, చెక్కకి బెజ్జాలు వేసేది. దాని మెలికల్లో రంపపు పొట్టు ఇంకా తడిగానే ఉంది. పక్కన సగం ఖాళీ అయిన సీసా. మైనం ముద్ద.

"వేళ్ల దగ్గర బెజ్జం వేయడం, మందు పోయడం, మైనంతో మూసేయడం," అన్నాడు మాస్టారు. "చెట్టు దానంతటదే చచ్చినట్టుంటుంది. జబ్బుతో చచ్చిందని రాసిచ్చేదీ ఆయనే. ఎవరి కోసం చేస్తున్నాడో తర్వాత తేల్చుకోవచ్చు. ఫోటోలు వరసగా పెట్టి చూసినవాడికి అనుమానం వచ్చింది. చెట్ల గురించి అనుమానం వస్తే ఎవరైనా ఎవరి దగ్గరికి పోతారు?"

"చెట్ల డాక్టరు దగ్గరికి." ఇన్‌స్పెక్టరు సొరుగులోని సీసా వైపే చూస్తూ అన్నాడు.

"పోయాడు. ఫోటోలు చూపించాడు. చెట్టుకి ఎవరు మందు పెడుతున్నారో కాపు కాసి పట్టుకుందాం, నా గదిలో దాక్కో, పొడుగు లెన్సు తెచ్చుకో అని ఉంటాడు ఈయన. ఎవరి కోసం కిటికీలోంచి చూస్తున్నాడో ఆ మనిషి అతని వీపు వెనకే నిలబడ్డాడు. తోటమాలి గోనెతో రావడం ఈయన అదృష్టం. ఫోటో పడింది, దెబ్బా పడింది. తోటమాలి వెళ్లిపోయాక మనిషినీ స్టాండునీ చెట్టు దగ్గరికి మార్చాడు. ఆకుల కింద రాళ్లున్నాయని తెలియదు పాపం."

పదీ అయిదు. ఇన్‌స్పెక్టరు ఆసుపత్రి నంబరు నొక్కాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ నొక్కాడు.

"నేనే పంపాను," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "నేనే రాసుకుని రమ్మన్నాను."

మాస్టారు తన ఫోనులో ఆమె నంబరు నొక్కాడు. రెండో మోతకే ఎత్తింది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"గదిలోనే మాస్టారూ. ఈయన మంచం దగ్గర."

"డాక్టరున్నాడా? చెట్ల డాక్టరు?"

"ఆఁ, ఇక్కడే ఉన్నారు. బాగా అలిసిపోయావు, బయట కూర్చోమ్మా, నేను చూసుకుంటానంటున్నారు. వేడినీళ్లు తెమ్మని రెండుసార్లు చెప్పారు."

"వెళ్లావా?"

"ఎలా వెళ్తాను?" ఆమె గొంతు తగ్గించింది. "వచ్చినప్పట్నుంచీ ఈయన నా చెయ్యి వదలడం లేదు. మాట రావడం లేదు కానీ పట్టు చూడండి, గోళ్లు దిగబడుతున్నాయి. లేవబోతే ఇంకా బిగిస్తున్నాడు. ఎందుకో మరి."

"వదిలించుకోకు తల్లీ. ఏం జరిగినా ఆ గది దాటకు. పదిహేను నిమిషాల్లో వస్తున్నాం. ఫోనులో ఉన్నది నేనని డాక్టరుకి తెలియనీయకు."

ఆమె వెనకనుంచి మెత్తని గొంతు వినిపించింది.

"ఎవరమ్మా ఫోను?"

ఒక్క క్షణం. తర్వాత ఆమె గట్టిగా, మామూలు గొంతుతో అంది.

"మా పిన్నండీ. పిల్లల్ని తీసుకుని వచ్చేస్తోందట. మెట్లెక్కుతోందట."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు జీపు దగ్గరికి పరుగెడుతూ కానిస్టేబుల్ని తిడుతున్నాడు. ఎర్ర దారం అతని ఛాతీకి తగిలి తెగిపోయింది.

"అలాగా," అంది మెత్తని గొంతు. ఇప్పుడు అది ఫోనుకి ఇంకొంచెం దగ్గరగా ఉంది. "అయితే వాళ్లు వచ్చేలోపు తలుపు వేసి ఉంచుదాం. చల్లగాలి ఆయనకి మంచిది కాదు."

అడుగుల చప్పుడు. తర్వాత గడియ పడింది.